బంగారం రోజుల శాన్ ఫ్రాన్సిస్కో: జనం ఎలా బతికారు, ఊరిని ఎవరు ఏలారు?

కృష్ణాతీరం · సోమవారం, రాత్రి 9:12

మా ఆఫీసు శాన్ ఫ్రాన్సిస్కో డౌన్‌టౌన్‌లో. క్లే స్ట్రీట్, శాన్సమ్ స్ట్రీట్ కలిసే మూలన ఒక పలక ఉంటుంది, ఇక్కడ నయాంటిక్ అనే ఓడ ఉండేదని. అక్కణ్ణుంచి నీళ్లు కనబడాలంటే ఇంకో నాలుగైదు వీధులు దాటాలి. ఓడ ఊళ్లోకి ఎలా వచ్చిందని అడిగితే మా టీమ్‌లో ఒక్కరికీ తెలీదు. గోల్డ్ రష్ (బంగారం దొరికిందని 1848 తర్వాత జనం కాలిఫోర్నియాకు ఎగబడిన రోజులు) అనగానే అందరం కొండల్లో పళ్లెం పట్టుకుని ఇసుక కడిగేవాళ్ల గురించే మాట్లాడతాం. నాకు కావలసింది ఆ రేవు ఊరి సంగతి. అంతమంది ఒక్కసారి దిగితే ఎక్కడ పడుకున్నారు, ఏం తిన్నారు, నీళ్లెక్కడివి? పోలీసు, కోర్టు, ఎన్నికలు ఉండేవా? ఇక్కడ చరిత్ర పిచ్చి ఉన్నవాళ్లు చాలామందే ఉన్నారు. కాస్త తీరిగ్గా రాయండి.

కాకినాడ_రేవు · సోమవారం, రాత్రి 10:05

ఓడ ఊళ్లోకి రాలేదండి, ఊరే ఓడ దగ్గరికి వెళ్లింది.

అప్పట్లో ఒడ్డు మాంట్‌గమరీ స్ట్రీట్ దగ్గర ఉండేది. దాని ముందు యెర్బా బ్వేనా అనే చిన్న వంపు. లోతు తక్కువ, పోటు తగ్గితే బురద తేలేది. 1847 జనవరి దాకా ఊరి పేరు కూడా అదే. 1848 జనవరి 24న కొలోమాలో సటర్ రంపపు మిల్లు దగ్గర జేమ్స్ మార్షల్‌కు బంగారం కనబడేనాటికి ఈ ఊళ్లో వెయ్యి మంది కూడా ఉన్నట్టు లేరు. రెండేళ్లు తిరిగేసరికి సుమారు పాతిక వేలు.

పెద్ద ఓడ ఒడ్డు దాకా రాలేదు. దూరంగా లంగరేసుకుని సరుకంతా చిన్న పడవల్లోకి దింపాలి. మా కాకినాడ పాత రేవులో బార్జీలతో జరిగే పని అదే కాబట్టి ఆ తిప్పలు నాకు బాగా తెలుసు. అక్కడ ఇంకో చిక్కు కూడా ఉంది, దింపడానికి మనుషుల్లేరు. లంగరు పడిన రాత్రే కళాసీలు దూకేసి గనులకు పారిపోయేవాళ్లు. కొన్ని ఓడల్లో కెప్టెన్లు కూడా. 1849, 50ల్లో వందల ఓడలు దిక్కూమొక్కూ లేకుండా ఆ వంపులో ఉండిపోయాయి.

ఊళ్లో చూస్తే కట్టడానికి కలప లేదు, ఇటుక లేదు. దాంతో ఓడలే కొట్లయ్యాయి. నయాంటిక్ 1849 జులైలో పనామా నుంచి ప్రయాణికులతో వచ్చింది. దాన్ని ఒడ్డు పక్కకు లాగి, చుట్టూ గుంజలు పాతి, పక్క చెక్కలో తలుపు కోసి గోడౌన్ చేశారు. 1851 మే అగ్నిప్రమాదంలో పైభాగం కాలిపోతే మిగిలిన మొండెం మీద హోటల్ కట్టారు. 1978లో కొత్త బిల్డింగ్‌కు పునాది తవ్వుతుంటే ఆ ఓడ అడుగు బయటపడింది. అపోలో అనే ఇంకో ఓడ సారా దుకాణమయింది. యూఫీమియాను మునిసిపాలిటీ వాళ్లే కొని జైలు చేశారు.

ఇక స్థలాలు. నీళ్ల కింద ఉన్న భూమిని కూడా ప్లాట్లుగా గీసి వేలం వేశారు. కొన్నవాడు ఇసుక దిబ్బలు తవ్వించి తెచ్చి పూడ్చుకోవాలి. ప్లాటు మీద హక్కు గట్టిపడాలంటే పాత ఓడ ఒకటి తెచ్చి అక్కడే ముంచేస్తే సరి! అలా ముంచినవి, కాలినవి ఇవాళ్టికీ ఆ వీధుల కింద పదుల సంఖ్యలో ఉన్నాయి. రోమ్ అనే ఓడ 1994లో మునీ (ఊరి రవాణా సంస్థ) రైలు సొరంగం తవ్వుతుంటే తగిలింది. ఎంబార్కడెరో వైపు రైలెక్కినప్పుడల్లా దాని పొట్టలోంచే పోతున్నారు మీరు.

పిల్లకాలువ · సోమవారం, రాత్రి 10:31

చెరువు పూడ్చి వెంచర్ వేయడం మనవాళ్లే కనిపెట్టారనుకున్నా ఇన్నాళ్లూ.

వసంత_వంటిల్లు · మంగళవారం, ఉదయం 6:48

తిండి సంగతి నాకొదిలేయండి.

ముందు నీళ్లు. ఊళ్లో మంచినీళ్లు చాలేవి కావు. ఎదురుగా అఖాతం అవతల ఉన్న సాసలీటో ఊటల నుంచి పీపాల్లో నింపి పడవల మీద తెచ్చేవారు. ఒడ్డున దింపాక గాడిదల మీద వేసుకుని ఇంటింటికీ బకెట్ లెక్కన అమ్మకం.

గుడ్లు. ఊళ్లో కోళ్లు లేవు. దొరికితే గుడ్డు డాలరు. సముద్రంలోకి నలభై కిలోమీటర్లు పోతే ఫారలాన్ దీవులని రాతిగుట్టలున్నాయి, అక్కడ మర్ అనే సముద్రపు పక్షులు లెక్కలేనన్ని గుడ్లు పెడతాయి. 1849లో ఒకాయన పడవేసుకుని వెళ్లి తెచ్చాడు. దారిలో సగం పగిలిపోయినా మిగిలినవి అమ్ముకుని మూడు వేల డాలర్లు చేసుకున్నాడట. ఆ గుడ్డు ఉడకబెట్టినా తెల్లసొన తెల్లబడదు, జిగురులా అద్దంలా ఉండిపోతుంది. పచ్చసొన ఎర్రగా ఉంటుంది, కాస్త పాతబడితే నీచు. అందుకే ఎక్కువగా కేకుల్లోకి, రొట్టెల్లోకి వాడేవారు. ఆ వ్యాపారం ఎంత దూరం పోయిందంటే, 1863లో ఆ దీవి నాదంటే నాదని రెండు ముఠాలు తుపాకులతో కాల్చుకున్నాయి, ప్రాణం పోయింది కూడా.

భోజనానికి చౌకలో పెద్ద దిక్కు చైనావాళ్ల హోటళ్లు. గుమ్మం మీద మూడు మూలల పసుపు పట్టు జెండా ఎగిరితే అది చైనా హోటల్ అని గుర్తు. ఒక డాలరిస్తే కడుపు నిండా పెట్టేవాళ్లు. మిగతాచోట్ల డాలరుకు ఏమీ వచ్చేది కాదు.

బట్టలు ఉతకడానికి డజనుకు ఎనిమిది డాలర్లు! కొందరు బట్టలు మూటగట్టి ఓడలో హోనలులూకూ, చైనాలోని కాంటన్‌కూ పంపించేవారు. నెలల తర్వాత వచ్చేవి. చాలామంది అదీ లేక మాసిన చొక్కా పారేసి కొత్తది కొనుక్కునేవారు. తర్వాత చైనావాళ్లు లాండ్రీలు పెట్టాకే రేటు దిగింది.

ఇంటద్దెలు చదువుతుంటే నాకే బీపీ పెరిగింది. ఊరి నడిబొడ్డున పోర్ట్స్‌మత్ స్క్వేర్ ఎదుట పార్కర్ హౌస్ అని చెక్కల హోటల్. 1849లో దాని ఏడాది అద్దె లక్షా పదివేల డాలర్లు. అందులో అరవై వేలు పై అంతస్తులో పేకాట బల్లలు పెట్టుకున్నవాళ్లే కట్టారు. మామూలువాళ్లు డేరాల్లో, గుడ్డ గోడల గదుల్లో, బల్లల మీద. ఒకడు లేవగానే అదే పడకలో ఇంకొకడు.

కృష్ణాతీరం · మంగళవారం, ఉదయం 9:20

అక్కా, అంత పెట్టి కొనడానికి కూలి ఎంత వచ్చేదో?

లెడ్జర్_రావు · మంగళవారం, మధ్యాహ్నం 1:15

వడ్రంగికి రోజుకు పన్నెండు డాలర్లు. 1849 చివర్లో పదహారు కావాలని సమ్మె కూడా చేశారు. తూర్పు రాష్ట్రాల్లో అదే మనిషికి రెండు డాలర్లు దక్కితే గొప్ప. వడ్డీలు నెలకు నూటికి పది దాకా పోయాయి, ఏడాదికి కాదు.

కానీ వసంతగారు రాసిన ధరలు చూసి "అప్పుడన్నీ ఖరీదే" అనుకుంటే సగమే అర్థమైనట్టు. రేట్లు ఎక్కువ కావడం కంటే అవి నిలకడగా లేకపోవడమే అసలు టెన్షన్. న్యూయార్క్ నుంచి సరుకు దక్షిణ అమెరికా కొసన ఉన్న కేప్ హార్న్ చుట్టి రావాలంటే ఐదారు నెలలు. ఇక్కడ పొగాకు లేదని ఉత్తరం రాస్తే, ఆ ఉత్తరం అందిన పదిమంది వర్తకులూ పది ఓడల పొగాకు పంపుతారు. అన్నీ ఒకే వారంలో దిగుతాయి. గోడౌన్ అద్దె సరుకు విలువను మించిపోతుంది. 1849-50 చలికాలం వానలకు వీధులు మోకాలి లోతు బురదయితే, పొగాకు పెట్టెలు, పొయ్యిలు, పిండి బస్తాలు తెచ్చి వీధిలో పరిచారు, నడవడానికి! అది పిచ్చి కాదు, లెక్క ప్రకారం అదే చౌక.

బియ్యం కథ ఒకటుంది. జాషువా నార్టన్ అనే వర్తకుడు ఊళ్లో పెద్దమనిషి. 1852 చివర్లో చైనా బియ్యం ఎగుమతి ఆపేసిందని వార్త. పౌను నాలుగు సెంట్లున్న బియ్యం ముప్ఫయ్యారు సెంట్లయింది. అప్పుడే పెరూ నుంచి గ్లైడ్ అనే ఓడ రెండు లక్షల పౌన్ల బియ్యంతో వచ్చింది. నార్టన్ మొత్తం పన్నెండున్నర సెంట్ల చొప్పున బేరం చేసేశాడు. ఊళ్లో బియ్యమంతా తన చేతిలో ఉంటుందని లెక్క. ఆ వెంటనే పెరూ నుంచే ఇంకో ఓడ, మరొకటి దిగాయి. ధర మూడు సెంట్లకు పడింది. కోర్టుల చుట్టూ ఏళ్లు తిరిగి దివాలా తీశాడు. 1859 సెప్టెంబరు 17న పత్రికలవాళ్లకు ఒక ప్రకటన ఇచ్చాడు, తాను అమెరికా చక్రవర్తినని! ఊరు ఊరంతా నవ్వుతూనే ఆయన్ను ఇరవై ఏళ్లు చక్రవర్తిగా చూసుకుంది.

ఇంకో పద్ధతి నాకు భలే నచ్చింది. నాణేలు లేవు, బంగారు పొడే డబ్బు. ఔన్సుకు పదహారు డాలర్లు, చిటికెడు తీస్తే డాలరు. ప్రభుత్వ టంకశాల 1854లో గానీ రాలేదు. తూర్పుకు టపా స్టీమరు వెళ్లేది నెలకు రెండుసార్లు. బంగారం పంపాలన్నా అప్పు తీర్చాలన్నా దానిమీదే. అందుకని స్టీమరు బయల్దేరే ముందురోజు ఊరంతా బాకీల వసూళ్లు. గుమాస్తాలు ఇంటింటికీ పరుగులు. ముప్ఫై ఏళ్లకు పైగా ఆడిట్‌లో ఉన్నవాణ్ణి, మార్చి 31కి మా ఆఫీసులు ఎలా ఉండేవో ఆ వీధులు అలా ఉండేవని ఊహించుకోగలను.

కాకినాడ_రేవు · మంగళవారం, మధ్యాహ్నం 2:02

స్టీమరు మాట వచ్చింది కాబట్టి ఒకటి. టెలిగ్రాఫ్ హిల్ మీద గుంజ పాతి దానికి చెక్క చేతులు బిగించారు. సముద్రం మీద ఓడ కనబడగానే ఏ రకమో ఆ చేతులతో చూపేవారు. రెండు చేతులూ చెరోవైపు చాపితే పక్కచక్రాల స్టీమరు, అంటే ఉత్తరాలొచ్చాయని. ఊళ్లో చిన్న పిల్లాడికీ తెలుసు ఆ గుర్తులు. ఒక నాటకంలో నల్ల అంగీ వేసుకున్న నటుడు రెండు చేతులూ బార్లా చాచి "దీని అర్థమేమిటి?" అని గంభీరంగా అడిగితే, వెనక నేల టికెట్టువాడు "పక్కచక్రాల స్టీమరు!" అని అరిచాడని చెప్పుకుంటారు.

పోస్టాఫీసు దగ్గర రాత్రంతా క్యూ. క్యూలో చోటు అమ్ముకుని బతికినవాళ్లున్నారు.

ముక్కుసూటి · మంగళవారం, రాత్రి 8:30

ఇంత డబ్బు తిరిగే ఊళ్లో దొంగలు ఎంతమంది ఉండుంటారు! విజిలెన్స్ కమిటీ అని వ్యాపారులే కూడి నలుగురిని ఉరితీస్తే ఊరు దారికొచ్చిందని ఒక వీడియోలో చూశాను. నాకైతే అది సబబే అనిపించింది. పోలీసు పనిచేయనప్పుడు జనం చేతులు ముడుచుకుని కూర్చోవాలా?

లాయరు_సుబ్బు · మంగళవారం, రాత్రి 9:44

ముక్కుసూటిగారూ, ఆ వీడియో ఎవరిదో గానీ సగం దగ్గర ఆపేశాడు. ముందు నుంచి చెప్తాను.

1846లో అమెరికా సైన్యం ఆక్రమించింది, 1848 ఫిబ్రవరిలో మెక్సికోతో ఒప్పందం కుదిరింది. కానీ కాలిఫోర్నియా రాష్ట్రమయింది 1850 సెప్టెంబరు 9న. ఆ వార్త స్టీమరు మీద ఈ ఊరు చేరింది అక్టోబరు 18న. ఆ నడిమి కాలంలో ఏ చట్టం? మెక్సికో కాలపు అల్కాల్దే అనే పదవి ఒక్కటి ఉంది. తీర్పు చెప్పేదీ, స్థలాలు పంచేదీ అతనే. 1849 మొదట్లో అయితే మేమే కౌన్సిల్ అంటే మేమే కౌన్సిల్ అని ఒకేసారి రెండు మూడు జట్లు కూర్చున్నాయి.

ఆ సందులో హౌండ్స్ అనే ముఠా పుట్టింది. మెక్సికో యుద్ధానికని న్యూయార్క్ నుంచి తెచ్చిన పటాలం రద్దయ్యాక మిగిలిపోయినవాళ్లే చాలామంది. డప్పులు వాయించుకుంటూ బజార్లో తిరిగి, కొట్లలో ఊరికే తిని తాగేవాళ్లు. 1849 జులై 15 ఆదివారం రాత్రి టెలిగ్రాఫ్ హిల్ కింద చిలీవాళ్ల డేరాల మీద పడ్డారు. దోచుకున్నారు, కొట్టారు, కాల్చారు. మర్నాడు సామ్ బ్రానన్ అనే వ్యాపారి వీధిలో సభ పెట్టి చందాలు వసూలు చేశాడు, వందల మంది వాలంటీర్లు ముఠాను పట్టుకున్నారు. విచారణ జరిగింది, శిక్షలు పడ్డాయి, అమలు మాత్రం కాలేదు, పెట్టడానికి జైలుంటే కదా.

ఈ బ్రానన్ ఎవరంటే, 1848 మేలో సీసాలో బంగారు పొడి పోసి వీధుల్లో ఊపుతూ "బంగారం! అమెరికన్ నది నుంచి బంగారం!" అని కేకలేసినవాడు. ఆ ముందే పారలు, పళ్లాలు అన్నీ కొని తన కొట్టులో నింపుకున్నాడు. పత్రిక కూడా అతనిదే. పనివాళ్లంతా గనులకు పోవడంతో ఆ పత్రికే మూతపడింది పాపం. 1851 కమిటీకి మొదటి ప్రెసిడెంటు ఈయనే.

ఆ 1851 కమిటీ జూన్ నుంచి ఆగస్టు లోపు నలుగురిని ఉరితీసింది. ఆస్ట్రేలియా నుంచి వచ్చిన మాజీ ఖైదీల మీద కోపం. వాళ్లను సిడ్నీ డక్స్ అనేవారు, ఊళ్లో ఎక్కడ మంటలంటుకున్నా వాళ్ల పనే అని అనుమానం. ఇక్కడ థామస్ బెర్డూ అనే మనిషి సంగతి చూడండి. ఫిబ్రవరిలో జాన్సెన్ అనే వర్తకుణ్ణి కొట్టి దోచుకున్నారు. జేమ్స్ స్టూవర్ట్ అనే దొంగ పోలికలున్నాయని బెర్డూను పట్టుకున్నారు. వేలమంది చేరి ఉరి ఉరి అని అరిచారు. కోర్టు శిక్ష వేసింది. స్టూవర్ట్ చేసిన ఒక హత్య కేసుకు కూడా మేరీస్‌విల్ అనే ఊరికి తీసుకెళ్లి ఉరిశిక్ష వేసేశారు. "నేను స్టూవర్ట్‌ని కాదు" అని మొత్తుకుంటూనే ఉన్నాడు. అదృష్టం బాగుండి అసలు స్టూవర్ట్ జులైలో దొరికాడు. వారం పది రోజులు ఆలస్యమై ఉంటే?

ముక్కుసూటి · మంగళవారం, రాత్రి 10:10

మీరే అంటున్నారు కోర్టే తప్పు శిక్ష వేసిందని. అసలు దొంగను పట్టుకున్నది కమిటీవాళ్లే కదా. నా పాయింటే గెలిచింది.

లాయరు_సుబ్బు · మంగళవారం, రాత్రి 10:26

కోర్టు బయట వేలమంది తాళ్లు పట్టుకుని నిలబడి ఉంటే లోపల జ్యూరీ ఏం చేస్తుందండీ?

లెడ్జర్_రావు · బుధవారం, ఉదయం 11:05

ఉరితాళ్లు కాసేపు పక్కన పెట్టి ఖజానా చూద్దాం. ఊరు ఎందుకు కుళ్లిందో అక్కడే తెలుస్తుంది.

1850 మేలో మొదటి మేయర్‌గా జాన్ గియరీ ఎన్నికయ్యాడు. కొత్త కౌన్సిలర్లు చేసిన తొలి పనుల్లో ఒకటి, తలా ఆరు వేల డాలర్ల జీతం రాసుకోవడం. జనం పోర్ట్స్‌మత్ స్క్వేర్‌లో మీటింగు పెట్టి తిడితే తగ్గించారు. తర్వాత కౌన్సిల్ డబ్బుతోనే తలా ఒక బంగారు పతకం చేయించుకున్నారు, ఒక్కోటి నూటయాభై డాలర్లు. దాని మీదా గొడవే.

ఇది చిల్లర. పీటర్ స్మిత్ అనే డాక్టరుతో పేద రోగులను చూడటానికి కాంట్రాక్టు, మనిషికి రోజుకు నాలుగు డాలర్లు. 1850లో కలరా కూడా వచ్చింది. ఊరి దగ్గర డబ్బుల్లేవు, బాండు కాగితాలిచ్చారు. బాకీ అరవై నాలుగు వేలు దాటింది. ఆయన కోర్టుకెళ్లి డిక్రీ తెచ్చుకున్నాడు. జప్తు! ఊరి భూములు, జెట్టీలు, నీటి ప్లాట్లు వేలానికొచ్చాయి. ఆ వేలం చెల్లదు, ఎవరూ పాడొద్దు అని ఊరి పెద్దలే ప్రకటన చేశారు. మామూలు జనం భయపడి తప్పుకున్నారు, తెలివైనవాళ్లు పాట పాడి లక్షల విలువ చేసే స్థలాలు కారుచౌకగా ఎగరేసుకుపోయారు. తర్వాత కోర్టులు చాలా పాటలు చెల్లుతాయన్నాయి. ఎన్నో ఫైళ్లు చూశాను గానీ అప్పు తీర్చకపోవడం వల్ల ఇంత భూమి పోగొట్టుకున్న మునిసిపాలిటీ నాకెక్కడా తగల్లేదు.

1852లో జెన్నీ లిండ్ అనే థియేటర్‌ను సిటీ హాల్ చేస్తామని రెండు లక్షల డాలర్లకు కొన్నారు. జనం గొల్లుమన్నారు. కొనేశారు.

ఇక హెన్రీ మెగ్స్. ఊరంతా ఆప్యాయంగా "నిజాయితీ హ్యారీ" అని పిలిచేవారు, కౌన్సిలరు కూడా. ఊరు నార్త్ బీచ్ వైపు పెరుగుతుందని అక్కడ రెండు వేల అడుగుల జెట్టీ కట్టి స్థలాలు కొన్నాడు. ఊరు అటు పెరగలేదు, వడ్డీలు పెరిగాయి. మునిసిపల్ ఆఫీసులో చెల్లింపు పత్రాల పుస్తకాలుండేవి. మేయరూ, కంట్రోలరూ పని తేలికవుతుందని ముందే సంతకాలు పెట్టి ఖాళీ పత్రాలు ఉంచేవారు. ఖాళీ చెక్కుబుక్కు మీద సంతకాలు! మెగ్స్ అంకెలు నింపుకుని వాటిని తాకట్టు పెట్టి అప్పులు తెచ్చాడు. 1854 అక్టోబరులో పెళ్లాం పిల్లలతో షికారుకని ఓడెక్కి చిలీ వెళ్లిపోయాడు. వెనక సుమారు ఎనిమిది లక్షల డాలర్ల బాకీ. ఆ తర్వాత చిలీలో, పెరూలో రైలు మార్గాలు కట్టి మహా కాంట్రాక్టరయ్యాడు. ఆండీస్ కొండల మీద దాదాపు పదహారు వేల అడుగుల ఎత్తుకు ఎక్కే రైలు మార్గం మొదలెట్టింది ఆయనే.

నాలుగు నెలలకు, 1855 ఫిబ్రవరిలో బ్యాంకులు కూలాయి. ముందు పేజ్ బేకన్, వెంటనే ఆడమ్స్ కంపెనీ.

కృష్ణాతీరం · బుధవారం, మధ్యాహ్నం 12:40

ఇన్ని జరుగుతుంటే ఓటర్లు ఏం చేస్తున్నట్టు?

లాయరు_సుబ్బు · బుధవారం, రాత్రి 9:15

ఓటర్లు పనిలో ఉన్నారు! పెద్ద వర్తకులు జ్యూరీ పిలుపు వస్తే జరిమానా కట్టి తప్పించుకునేవారు, ఒకరోజు కొట్టు మూస్తే పోయేది అంతకంటే ఎక్కువ కాబట్టి. రెండేళ్లు సంపాదించుకుని ఊరికి వెళ్లిపోదామనే ఆలోచన. నా అభిప్రాయంలో అసలు రోగం అదే. ఊరిని ఎవరికో వదిలేసి, ఆ ఎవరో దోచుకుంటుంటే ఉలిక్కిపడ్డారు.

వదిలేసిన చోట చేరింది డేవిడ్ బ్రోడరిక్. ఐరిష్ రాతిపనివాడి కొడుకు, న్యూయార్క్‌లో రాజకీయం నేర్చుకుని 1849లో వచ్చాడు. ఇక్కడ 1849 డిసెంబరు నుంచి 1851 జూన్ లోపు ఆరుసార్లు ఊరు తగలబడింది. గుడ్డ ఇళ్లు, చెక్క వీధులు మరి. మంటలార్పేది వాలంటీర్ కంపెనీలు, వాటికి యూనిఫారాలు, విందులు, ఊరేగింపులు. బ్రోడరిక్ ఎంపైర్ అనే కంపెనీకి పెద్ద. మంట వస్తే పంపు లాగే కుర్రాళ్లే ఎన్నికల రోజు బూత్ దగ్గర నిలబడేవాళ్లు. బ్యాలెట్ రహస్యం లేదు, పార్టీలే తమ పేర్ల చీటీలు అచ్చేసి పంచేవి. ఎవడి చేతిలో ఏ చీటీ ఉందో అందరికీ కనిపిస్తుంది. 1856లో దొంగ అడుగున్న ఓట్ల పెట్టె ఒకటి దొరికింది. పక్క చెక్క జరిపితే లోపల ముందే నింపిన చీటీలు బయటికొస్తాయి.

నిర్వాహకుడు · బుధవారం, రాత్రి 9:50

మన రాష్ట్రాల ఇప్పటి పార్టీల మీద రాసిన మూడు వ్యాఖ్యలు తీసేశాను. 1850ల్లోనే ఉండండి, చాలా సరుకుంది.

లాయరు_సుబ్బు · గురువారం, రాత్రి 8:20

ఇప్పుడు 1856. ముక్కుసూటిగారూ, మీ వీడియో ఇక్కడికి రాలేదనుకుంటాను.

జేమ్స్ కింగ్ ఆఫ్ విలియం అనే మాజీ బ్యాంకరు, బ్యాంకుల పతనంలో తానూ మునిగినవాడు, 1855 అక్టోబరులో సాయంకాలం పత్రిక పెట్టాడు, పేరు బులెటిన్. పేర్లు పెట్టి ఉతికేసేవాడు. పత్రిక విపరీతంగా అమ్ముడుపోయింది. నవంబరులో ఛార్లెస్ కోరా అనే జూదరి అమెరికా మార్షల్ (కేంద్ర ప్రభుత్వ పోలీసు అధికారి) రిచర్డ్‌సన్‌ను కాల్చి చంపాడు. జ్యూరీ ఒక మాట మీదకు రాలేదు. కింగ్ రెచ్చిపోయి రాశాడు. జేమ్స్ కేసీ అనే సూపర్‌వైజర్ (ఊరి పాలకమండలి సభ్యుడు) ఒకప్పుడు న్యూయార్క్‌లోని సింగ్ సింగ్ జైలులో శిక్ష అనుభవించాడని 1856 మే 14న అచ్చేశాడు. అదే సాయంత్రం కేసీ మాంట్‌గమరీ స్ట్రీట్‌లో కింగ్‌ను కాల్చాడు.

విలియం కోల్‌మన్ అనే వర్తకుడి నాయకత్వంలో కమిటీ మళ్లీ లేచింది. సభ్యులు ఆరు వేలు దాటారు. శాక్రమెంటో స్ట్రీట్‌లో ఆఫీసు ముందు ఇసుక బస్తాలు పేర్చి ఫిరంగులు పెట్టారు. మే 18 ఆదివారం జైలును చుట్టుముట్టి కేసీనీ కోరానీ తెచ్చుకున్నారు. 20న కింగ్ చనిపోయాడు. 22న ఆయన శవయాత్ర వీధిలో సాగుతుండగానే ఇద్దరినీ ఆఫీసు కిటికీల ముందు బల్లల మీద నిలబెట్టి ఉరితీశారు.

గవర్నర్ జాన్సన్ ఏమీ చేయలేకపోయాడు. రాష్ట్ర మిలీషియా (పౌర సైన్యం) అధికారి షెర్మన్, అవును, తర్వాత అంతర్యుద్ధంలో పేరు మోసిన షెర్మనే, అప్పుడు అక్కడ బ్యాంకరు. కేంద్ర సైన్యం ఆయుధాలివ్వకపోవడంతో రాజీనామా చేశాడు. జులైలో ఇంకో ఇద్దరిని ఉరితీశారు. పాతిక మందికి పైగా ఓడలెక్కించి, తిరిగొస్తే చంపుతామన్నారు. వాళ్లు ఎవరు? ఎక్కువమంది బ్రోడరిక్ మనుషులు, ఐరిష్ కాథలిక్కులు, బూత్‌ల దగ్గర పనిచేసేవాళ్లు. కమిటీలో ఎక్కువమంది వర్తకులు. వాళ్లు ఊరి నుంచి తరిమింది హంతకులనా, అవతలి పార్టీ కార్యకర్తలనా?

ఆగస్టు 18న కవాతు చేసి కమిటీ రద్దన్నారు. అదే మనుషులు పీపుల్స్ పార్టీ పెట్టారు. అభ్యర్థులను ఇరవై ఒక్క మంది కమిటీ తలుపులు మూసి ఎంపిక చేసింది. నవంబరులో గెలిచారు, దాదాపు పదేళ్లు ఏలారు.

ముక్కుసూటి · గురువారం, రాత్రి 9:02

పదేళ్లు జనమే గెలిపించారంటే బాగా ఏలారనేగా అర్థం? ఖర్చులు ఏమయ్యాయో ఆడిటర్‌గారినే చెప్పమనండి.

లెడ్జర్_రావు · గురువారం, రాత్రి 10:18

చెప్తాను. 1850ల మధ్యలో ఊరి ఖర్చు ఏడాదికి పాతిక లక్షల డాలర్ల దాకా పోయింది. కొత్తవాళ్లు వచ్చాక దాదాపు మూడున్నర లక్షలకు దిగింది. అంత కోత దొంగతనం ఆపడంవల్లనే వస్తుందని ఏ ఆడిటరూ సంతకం పెట్టడు. దొంగతనం పోయింది, నిజమే. దానితోపాటు వీధులు, బడులు, దీపాల ఖర్చూ పోయింది. ఊరినీ జిల్లానూ కలిపేస్తూ 1856 జులై 1న అమల్లోకి వచ్చిన చట్టంలోనే పన్నుకూ అప్పుకూ పరిమితి బిగించేశారు. తక్కువ పన్ను ఎవరికి ఎక్కువ లాభం? స్థలాలూ సరుకూ ఉన్నవాళ్లకు.

అయినా ఓటర్లు ముక్కుసూటిగారన్నట్టే మళ్లీ మళ్లీ గెలిపించారు, ఆ మాట కొట్టేయలేను. 1850 నుంచి 56 దాకా జరిగింది చూసినవాడు ఖర్చు పెట్టని ప్రభుత్వానికే ఓటేస్తాడు.

వసంత_వంటిల్లు · శుక్రవారం, ఉదయం 7:05

ఓటర్లు, ఓటర్లు అంటున్నారు. ఆ ఓటరు తెల్ల మగవాడు. ఊళ్లో ఆడవాళ్లే తక్కువ, ఉన్నవాళ్లకూ ఓటు లేదు. కాలిఫోర్నియా 1849 రాజ్యాంగంలో పెళ్లయిన స్త్రీ ఆస్తి ఆమెకే అని రాశారు, స్పానిష్ చట్టం నుంచి వచ్చిన మంచి ముక్క అది. బోర్డింగ్ హౌస్ నడిపిన ఆడవాళ్లకు పనికొచ్చి ఉంటుంది.

నేను పైన పొగిడిన చైనా హోటళ్లవాళ్ల మాటేమిటి? 1850లో విదేశీ గని కూలీల మీద నెలకు ఇరవై డాలర్ల పన్ను వేశారు. దెబ్బకు చిలీ, మెక్సికో మనుషులు గనులు వదిలి ఇక్కడికే వచ్చిపడ్డారు. ఎత్తేసి, 1852లో మూడు డాలర్లతో మళ్లీ తెచ్చారు, ఆ భారం ఎక్కువగా చైనావాళ్ల మీదే. ఆ ఏడాదే ఇరవై వేల మంది చైనా నుంచి దిగారు. వాళ్లను రానివ్వొద్దని గవర్నర్ బిగ్లర్ అంటే, ఈ ఊళ్లో హోటల్ నడిపే నార్మన్ ఆసింగ్ పత్రికలో గవర్నర్‌కే బహిరంగ లేఖ రాశాడు, మా నాగరికత మీకంటే పాతదని గుర్తుచేస్తూ. ఎంత ధైర్యం!

లాయరు_సుబ్బు · శుక్రవారం, ఉదయం 8:30

వసంతగారు మంచి చోట పట్టుకున్నారు. నల్లవాళ్లు, ఆదివాసులు తెల్లవాడికి వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పకూడదని 1850లోనే చట్టం. జార్జ్ హాల్ అనే తెల్లవాడు లింగ్ సింగ్ అనే చైనా మనిషిని చంపాడు. చైనావాళ్ల సాక్ష్యంతో ఉరిశిక్ష పడింది. 1854లో రాష్ట్ర సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది, ఆ చట్టం చైనావాళ్లకూ వర్తిస్తుందని. అంటే నీ కళ్ల ముందు నీ అన్నను చంపినా నువ్వు కోర్టులో నోరెత్తడానికి లేదు. కోర్టులు సరిగ్గా లేవని తుపాకులు పట్టిన ఆరు వేల మంది ఈ తీర్పు మీద ఒక్క సభ కూడా పెట్టలేదు.

నల్లవాళ్లు మాత్రం ఊరుకోలేదు. సాక్ష్యం హక్కు కోసం 1852 నుంచీ అర్జీలు పెట్టారు, మహాసభలు జరిపారు. 1863లో సాధించుకున్నారు.

ముక్కుసూటి · శుక్రవారం, రాత్రి 7:55

ఇది నాకు తెలియదు. తెలుసుకోదగ్గ విషయం. అయినా కేసీ లాంటివాణ్ణి వదిలేయమంటే మాత్రం ఒప్పుకోను, అతను నడివీధిలో కాల్చాడు.

లాయరు_సుబ్బు · శుక్రవారం, రాత్రి 8:11

వదలమని ఎవరన్నారండీ. విచారించి శిక్షించమంటున్నా. నాలుగు రోజులు ఆగలేదు వాళ్లు.

కృష్ణాతీరం · శుక్రవారం, రాత్రి 9:30

అందరికీ పేరుపేరునా థాంక్స్. ఒకటే మిగిలింది. కమిటీని ఎదిరించిన జడ్జి ఒకాయన కత్తితో పొడిచాడని ఎక్కడో చదివాను. ఆయనెవరు, ఏమయ్యాడు?

లాయరు_సుబ్బు · శుక్రవారం, రాత్రి 10:47

డేవిడ్ టెర్రీ, రాష్ట్ర సుప్రీంకోర్టు జడ్జి. చట్టం వైపు నిలబడ్డ పెద్దమనిషే, బొడ్లో ఎప్పుడూ కత్తి ఉండేది! 1856 జూన్ 21న కమిటీ పోలీసు హాప్కిన్స్ ఒకణ్ణి పట్టుకోబోతే అడ్డం పోయి మెడ మీద పొడిచాడు. కమిటీ టెర్రీనే బంధించి విచారించింది. ఆ హాప్కిన్స్ చనిపోయి ఉంటే సుప్రీంకోర్టు జడ్జిని ఉరితీయాల్సి వచ్చేది, కమిటీవాళ్లే అతను బతకాలని మొక్కుకుని ఉంటారు. బతికాడు. ఆగస్టులో టెర్రీని వదిలేశారు.

మూడేళ్లకు ఆయన చీఫ్ జస్టిస్. బానిసత్వం మీద డెమోక్రాట్లు రెండుగా చీలారు, బ్రోడరిక్ ఒకవైపు, టెర్రీ ఇంకోవైపు. మాటకు మాట పెరిగి 1859 సెప్టెంబరు 13న మెర్సిడ్ చెరువు దగ్గర ద్వంద్వయుద్ధం. బ్రోడరిక్ అప్పటికి అమెరికా సెనేటరు. ఆయన పిస్తోలు ఎత్తుతుండగానే పేలిపోయి గుండు నేలలో దిగింది. టెర్రీ తీరిగ్గా గురిచూసి కాల్చాడు. మూడు రోజులకు బ్రోడరిక్ పోయాడు. టెర్రీకి శిక్ష పడలేదు.

1889 ఆగస్టు 14న లాథ్రాప్ రైలు స్టేషన్ హోటల్లో, అమెరికా సుప్రీంకోర్టు జడ్జి స్టీఫెన్ ఫీల్డ్ టిఫిన్ చేస్తుంటే టెర్రీ వెనకగా వచ్చి చెంప మీద కొట్టాడు. టెర్రీ భార్య కేసులో ఫీల్డ్ ఇచ్చిన తీర్పు మీద కక్ష. ఫీల్డ్‌కు కాపలాగా ఉన్న నీగిల్ అనే మార్షల్ అక్కడికక్కడే టెర్రీని కాల్చేశాడు. అప్పుడు టెర్రీ దగ్గర కత్తి లేదు. నీగిల్‌ను విడుదల చేస్తూ అమెరికా సుప్రీంకోర్టు 1890లో ఇచ్చిన తీర్పును, కేంద్ర ప్రభుత్వ అధికారాల గురించి, అక్కడి లా కాలేజీల్లో ఇప్పటికీ చదువుతారు.

పిల్లకాలువ · శుక్రవారం, రాత్రి 11:02

సుబ్బుగారూ, టెర్రీ మీద విడిగా ఒక థ్రెడ్ పెట్టండి. ఆ భార్య కేసేమిటో చెప్పకుండా వెళ్లిపోతే ఎలా?